కనకదుర్గ రాసిన రెండో మెయిలు

గిలకలదిండిలో కనకదుర్గ ఇల్లు ఎక్కడని అడగండి, మీ మొహం వంక చూసి ఊరుకుంటారు. కనకదుర్గ ఫోను బూతు ఎక్కడని అడగండి, నలుగురు వేలు చూపిస్తారు. ఐసు ఫ్యాక్టరీ దాటాక, వలలు బాగుచేసే పాకల ఎదురుగా ఉన్న అద్దాల గది. ఎస్‌టీడీ అని రాసిన అక్షరాలు సగం వెలిసిపోయాయి. గది మాత్రం అలాగే ఉంది. నేను ఎండుచేపల తట్ట దించుకుని కూర్చునే అరుగు దానికి ఆనుకునే ఉంటుంది. అందుకని ఆ గదిలో నాకు తెలియకుండా జరిగింది తక్కువ. సన్మానాలు చేయించుకునేవాళ్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లని రాసుకోనివ్వండి. నేను కనకదుర్గ గురించి రాస్తాను.

పుట్టిల్లు కోడూరు. పదో తరగతి మొదటిసారే పాసయింది. మా కొండలరావుని చేసుకుని గిలకలదిండి వచ్చింది. కొండలరావు ఐసు ఫ్యాక్టరీలో పని. మనిషి మంచివాడే, కానీ మాట బయటికి రావాలంటే గొంతులో ఐసు కరగాలి. ఇద్దరి మాటలూ కనకదుర్గే మాట్లాడేది. ఆ నోరు చూసే వాళ్ల మావగారు బూతు పెట్టించాడు. తొంభైల్లో సంగతి. అప్పట్లో మా పేటలో ఫోనున్న ఇల్లు లేదు. మగవాళ్లు సగం మంది నిజాంపట్నం, విశాఖపట్నం, పారదీపు బోట్ల మీద ఉండేవాళ్లు. అందరికీ కనకదుర్గ నంబరే. ఫోను రాగానే గుమ్మంలోకి వచ్చి "ఒరే నరసింహం, మీ వదినని పిలవరా, విశాఖ నుంచి!" అని కేకేసేది. ఆ కేక రేవు దాకా వినిపించేది.

మంచి కబురైతే కేక. చెడ్డ కబురైతే కేక ఉండదు. అది మా పేటంతా ఎరిగిన సంగతి. ఎవరైనా పోయారని ఫోనొస్తే పోయారని చెప్పకూడదు, మా వైపు పద్ధతి అది. ఒంట్లో బాగోలేదంట, కాస్త నీరసంగా ఉన్నారంట, ఓసారి వెళ్లి చూసి రండి అనాలి. దారి పొడుగునా మనసు కాస్త కాస్త సిద్ధపడుతుంది. ఈ పని కనకదుర్గ చేసినట్టు ఎవరూ చేయలేరు. కుర్చీలోంచి లేచి వెళ్లి, ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడి, ఎండ గురించీ కూర గురించీ రెండు మాటలు మాట్లాడి, మంచినీళ్లు తెప్పించి వాళ్ల చేతికే ఇచ్చి తాగమనేది. ఆ నీళ్లు చూడగానే వాళ్లకి సగం అర్థమయ్యేది. "కంగారేం లేదు, అన్నం తిని బయల్దేరండి" అనగానే మిగతా సగం. దుఃఖం మీద మెత్తటి గుడ్డ కప్పి అందించేది మా పిల్ల. ఆ మాటకి పేటంతా ఆమెకి దండం పెట్టేది.

తర్వాత సెల్‌ఫోన్లు వచ్చి బూతు మొహం ఎవరూ చూడకుండా పోయారు. కొన్నాళ్లు ఈగలు తోలింది. ఆ తర్వాత ఉన్న ఫోను తీగకే కంప్యూటరు తగిలించి నెట్ సెంటరు అంది. ఆ తీగ మీద నెట్ నడుస్తున్నంతసేపూ ఫోను పలకదు, ఫోను మాట్లాడుతుంటే నెట్ నడవదు. పరీక్ష ఫలితాలప్పుడు పిల్లలు ఎగబడేవాళ్లు, మిగతా రోజులు మళ్లీ ఈగలే. అలాంటప్పుడు వచ్చింది కోదండరామయ్య గారి ఉద్యోగం.

కోదండరామయ్య గారిది తోట్లవల్లూరు. చెన్నైలో స్థిరపడి మరబోట్ల గేర్‌బాక్సు సామాను అమ్ముతాడు. మన తీరంలో ప్రతి హార్బరులోనూ ఒక మనిషిని పెట్టుకున్నాడు. ఏ బోటుకి ఏం కావాలో, వేసిన సామాను ఎలా నడుస్తోందో ఆ మనిషి రాయాలి. మా బందరు రేవుకి కనకదుర్గ. నిజాంపట్నానికి వాసు అనే కుర్రాడు, రేపల్లెలో ఉంటాడు. నేను అడిగాను.

"ఏమే, ఇంతకీ నీ ఆఫీసెక్కడే?"

"ఆఫీసు లేదు పిన్నీ. ఎవరింట్లో వాళ్లమే."

"మరి మీ దొరగారు?"

"చెన్నైలో, ఆయనింట్లో ఆయన."

"ఒకళ్ల మొహం ఒకళ్లు చూశారా?"

"లేదు."

"పెళ్లిచూపులు లేని సంసారమన్నమాట" అన్నాను. నవ్వింది. నవ్వినా నాకు నచ్చలేదు. గోడ లేదు, గుమ్మం లేదు, ఎవడు అలిగాడో ఎవడు అర్థం చేసుకున్నాడో తెలిసే దారి లేదు. అన్నీ మెయిల్లోనే. ఫోన్లో చెప్పిన మాటలు రేపు ఎవడూ ఒప్పుకోడు కాబట్టి మెయిల్లో లేనిది జరగనట్టేనని కోదండరామయ్య గారి నియమం. కనకదుర్గ తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేది. ఆ రోజుల్లో మా కంప్యూటర్లకి అంతకన్నా రాదు. కొట్టిందల్లా పైకి చదివేది, నేను చేపలు తిరగేస్తూ వినేదాన్ని. పెళ్లి శుభలేఖ విన్నట్టుండేది.

రెండువేల మూడో సంవత్సరం వేసవిలో జరిగింది చెబుతాను. ఎండాకాలంలో చేపలు గుడ్లు పెడతాయని గవర్నమెంటు మరబోట్ల వేట ఆపిస్తుంది. ఆ రోజుల్లోనే బోట్లన్నీ ఇంజన్లు విప్పి బాగుచేసుకుంటాయి. నిషేధం ఎత్తేసిన పొద్దున తీరమంతా ఒక్కసారే సముద్రం మీద పడుతుంది. ఆ ఏడు కోదండరామయ్య గారు కొత్త రకం బోల్టులు పంపాడు, నీలం రంగు అట్టపెట్టెల్లో. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య కప్లింగు ఉంటుంది, దాన్ని పట్టుకునే బోల్టులు. మా దగ్గర ఒక్క బోటుకి వేశారు. నిజాంపట్నంలో నాలుగు బోట్లకి వేయడానికి పంపారు.

నిషేధం ఎత్తేయడానికి ముందురోజు మా అప్పయ్య మేస్త్రీ ఇంజను పరీక్ష చేద్దామని ఆ బోటుని కాలవలో మొగ వైపు నడిపించాడు. నది నీళ్లు సముద్రంలో కలిసే ఆ నోటినే మేం మొగ అంటాం. అక్కడ అల విరుగుతూ ఉంటుంది, బోటుకి ఊపు లేకపోతే తిరగబడిపోతుంది. మొగ ఇంకా రాకముందే టపటపమని చప్పుడైంది. ఇంజను గోల పెడుతోంది, అడుగున పంకా తిరగడం లేదు. సముద్రంలోకి తీసే పాటు నీళ్లు బోటుని లాక్కెళ్లి రాళ్లకట్ట మీదికి తోశాయి. గడలేసి నెట్టుకుంటూ ప్రాణాలు అరచేత్తో పట్టుకుని బయటపడ్డారు. అప్పయ్య నూనె చేతులతోనే బూతు దగ్గరికి వచ్చి విరిగిన బోల్టు ముక్కలు బల్ల మీద పోశాడు.

"చూడక్కా. జంతికలు విరిగినట్టు విరిగాయి. ఇవేం ఇనుమో, ఏం పాడో. సముద్రంలో ఇలా అయితే ఇంతే సంగతులు. మీ దొరకి రాయి. నిజాంపట్నం వాళ్లకీ రాయి. పాతవి పారేయకుండా ఉంటే అవే బిగించుకోమను, చాలు."

కనకదుర్గ అప్పుడే కూర్చుంది. ఎంతో ఆలోచించి, కొట్టి చెరిపి, చెరిపి కొట్టి, చివరికి పైకి చదివింది. నాకు ఇప్పటికీ నోటికొస్తుంది.

"పూజ్యులైన కోదండరామయ్య గారికి, సోదరుడు వాసు గారికి నమస్కారములు. మీరూ మీ కుటుంబసభ్యులూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా కుశలం. ఎండలు తీవ్రంగా ఉన్నాయి, మీ దగ్గర ఎలా ఉన్నాయో. రేపటి నుంచి వేట మొదలు కాబట్టి రేవంతా పండగలా ఉంది. తమరు దయతో పంపిన సామాను అందింది, ప్యాకింగు చాలా అందంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. మా అప్పయ్య మేస్త్రీ ఒక చిన్న విషయం మనవి చేయమన్నాడు. కొత్త బోల్టులు కొంచెం మెత్తగా ఉన్నాయేమోనని అతని అనుమానం. తమకు వీలైనప్పుడు ఒకసారి పరిశీలించవలసిందిగా కోరుతున్నాను. అమ్మగారిని అడిగానని చెప్పగలరు."

బాగుందన్నాం. అప్పయ్య కూడా బాగుందన్నాడు. పెద్దమనిషికి ఆయన సరుకు పాడని ఎవరైనా మొహం మీద చెబుతారా? ఆ సాయంత్రమే జవాబులొచ్చాయి. వాసు 'అందింది, ధన్యవాదాలు' అన్నాడు. కోదండరామయ్య గారు 'మీ ఆదరానికి సంతోషం, బోల్టుల విషయం తీరిక చూసుకుని మాట్లాడుకుందాం' అన్నాడు. కనకదుర్గ మనసు కుదుటపడింది. అందరికీ తెలిసిపోయిందిగా, ఇక వాళ్లే చూసుకుంటారని తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున నేను తట్ట దించేసరికి బూతు తెరిచి ఉంది. రేవులో మైకు మోగుతోంది, బోట్లకి పసుపూ కుంకాలూ పెడుతున్నారు. లోపల కనకదుర్గ కంప్యూటరు ముందు నిలబడి ఉంది. కుర్చీ పక్కనే ఉంది, కూర్చోలేదు.

"ఏమైందే?"

"వాసు రాత్రి రిపోర్టు పంపాడు పిన్నీ. నాలుగు బోట్లకీ నీలం పెట్టె బోల్టులు బిగించేశారంట. ఇవాళ పోటు నీళ్లకి బయల్దేరతాయంట. గంగాభవాని బోటు మీద డ్రైవరు దైవాధీనమంట."

దైవాధీనం మా పేటవాడే. బూతుకి ఎదురుగా, వలల పాకలో పనిచేసే భాగ్యమ్మ మొగుడు. అక్కడ కూర్చుని భాగ్యమ్మ వల అల్లుతూ ఎవరితోనో పరాచికాలాడుతోంది. మాకు వినపడుతూనే ఉంది.

"నువ్వు రాశావు కదే, నిన్న?"

"రాశాను" అంది. రాసిందాన్ని మళ్లీ తెర మీదికి తెచ్చి చదువుకుంది. ఈసారి పైకి చదవలేదు. పెదాలు మాత్రం కదిలాయి. చదువుతూ చదువుతూ బల్ల అంచు పట్టుకుంది.

"పిన్నీ, ఇందులో విరిగాయన్న మాట లేదు."

నిజంగానే లేదు.

"ఆపమన్న మాటా లేదు. నేను ఆ మాట అన్నాననే అనుకున్నాను. భాగ్యమ్మ ఎదుట నిలబడి ఈ మాటలే అంటే నా మొహం చూసి గుండె బాదుకునేది. వాసుకి నా మొహమేం తెలుసు? ఎండల సంగతి చదివి మూసేసి ఉంటాడు. మెయిల్లో మంచినీళ్లు ఎలా ఇస్తాను పిన్నీ?"

"ముందు ఫోను చెయ్యి. తర్వాత ఏడుద్దువుగాని" అన్నాను.

నెట్ ఆపి ఫోను అందుకుంది. వాసు సెల్లు స్విచాఫ్. హార్బరులో ఉన్న బూతుకి చేసింది, ఆ లైను పనిచేయడం లేదు. రేపల్లె నెట్ సెంటరు నంబరు కోసం ఎంక్వయిరీకి చేసింది, ఎంతకీ ఎత్తరు. చెన్నై ఇంటికి చేసింది. ఎంగేజి. మళ్లీ చేసింది. మళ్లీ ఎంగేజి.

కొండలరావు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "బస్సెక్కి నేను వెళ్తా" అన్నాడు. ఆ మనిషి నోట ఒకేసారి అన్ని మాటలు రావడం నేను అప్పుడే చూశాను.

"విజయవాడ చుట్టూ తిరిగి నువ్వు చేరేసరికి పోటు కూడా అయిపోతుంది" అంది కనకదుర్గ. చేతిలో రిసీవరు అలాగే ఉంది, దాంట్లో ఎంగేజి చప్పుడు మాకందరికీ వినపడుతోంది. ఉన్నట్టుండి రిసీవరు పెట్టేసింది. "ఎంగేజి అంటే ఆయన కూడా నెట్‌లో ఉన్నాడు. మెయిళ్లు చూసుకుంటున్నాడు. వాసు కూడా హార్బరుకి వెళ్లే ముందు పొద్దున్నే రేపల్లెలో మెయిలు చూసుకునే వెళ్తాడు. ఇప్పుడే రాయాలి."

మళ్లీ నెట్ పెట్టింది. ఆ మోడెం పెట్టె కీచు కీచుమంటూ ఎంతకీ కలవదు. చివరికి కలిసింది.

"ముందు దొరగారికి ఒక్క ముక్క రాసి అడగవే. ఆయన సరుకుని ఆయన్ని అడక్కుండా చెడ్డదని అందరికీ చెబితే ఉద్యోగం ఊడదూ?" అన్నాను.

"అడిగి, ఆయన ఆలోచించి, ఆయన వాసుకి రాసేలోపు బోట్లు మొగలో ఉంటాయి. నువ్వు మాట్లాడకు పిన్నీ."

నన్ను మాట్లాడకని అన్నవాళ్లు ఈ పేటలో లేరు. అయినా ఊరుకున్నాను. ముందు సబ్జెక్టు అని ఒక గడి ఉంటుంది. నిన్న దాంట్లో 'నమస్కారములు' అని పెట్టింది. ఇవాళ అక్కడే అసలు సంగతి కొట్టింది.

"బోట్లు ఆపండి. నీలం పెట్టె బోల్టులు విరుగుతున్నాయి."

కింద ఇలా రాసింది.

"నీలం అట్టపెట్టెల్లో వచ్చిన కప్లింగు బోల్టులు నిన్న ఇక్కడ ఒక బోటుకి విరిగిపోయాయి. ఇంజను తిరిగింది, పంకా తిరగలేదు. బోటు రాళ్ల మీదికి కొట్టుకుపోయింది. నిన్నటి మెయిల్లో ఈ సంగతి నేను సరిగా రాయలేదు.

వాసు గారూ, ఇది చదవగానే ప్రింటు తీసుకుని హార్బరుకి వెళ్లండి. ఈ బోల్టులు వేసిన నాలుగు బోట్లలో ఏదీ మొగ దాటకూడదు. పాత బోల్టులు బిగించాకే వెళ్లనివ్వండి.

కోదండరామయ్య గారూ, ఆపమని మీరు కూడా వెంటనే వాసు గారికి రాయండి. మీ మాట రాకపోయినా ఆపమనే నేను చెబుతున్నాను.

చదివామని రాయొద్దు. చదివి ఏం చేశారో రాయండి. నేను ఇక్కడే కూర్చున్నాను."

నమస్కారం లేదు. అమ్మగారిని అడగడం లేదు. పెద్దవాళ్లకి ఇలా కూడా రాస్తారా అనుకున్నాను. కనకదుర్గ మీట నొక్కేసింది. నొక్కాక చెమట తుడుచుకుని, అప్పుడు కూర్చుంది.

అలా కూర్చున్నప్పుడే పాకలోంచి భాగ్యమ్మ కేకేసింది. "అక్కోయ్! మా ఆయన ఫోనేమైనా చేశాడా? బయల్దేరే ముందు చేస్తానన్నాడు!"

కనకదుర్గ నా వంక చూసింది. "లేదు భాగ్యం, చెయ్యలేదు" అంది. అది నిజమే.

"చూశారా, అక్కడ నలుగురు కనపడగానే పెళ్లాం గుర్తుండదు" అని భాగ్యమ్మ పక్కవాళ్లతో అంటే అందరూ నవ్వారు. ఆ నవ్వు ముల్లులా గుచ్చుకుంది మాకు.

మొదటి జవాబు వాసుది. "చదివాను. ప్రింటు తీశాను. బండి మీద వెళ్తున్నాను." అంతే. కుర్రాడికి కూడా నమస్కారం గుర్తు రాలేదు. రెండోది చెన్నై నుంచి. "నన్ను ఒక్క మాట అడక్కుండా మన సరుకు గురించి అందరికీ ఇలా రాస్తారా? ఇది పద్ధతి కాదు. దీని గురించి మీతో వేరే మాట్లాడతాను. వాసు గారూ, బోట్లు ఆపి ఉంచండి."

"చివరి ముక్క చాలు" అంది కనకదుర్గ.

"మొదటి ముక్కలేం చేస్తావే?"

"అవి నా గురించి. తర్వాత చూసుకుంటా."

ఇక ఎదురుచూపు. అప్పయ్య వచ్చాడు, కొండలరావు పనికి పోలేదు, నేను తట్ట మీద గోనెపట్టా కప్పేశాను. ఆ రోజు నా దగ్గర చేపలు కొనడానికి వచ్చినవాళ్లని నేనేం తిట్టి పంపానో నాకు గుర్తు లేదు. మా రేవులో బోట్లు ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి. పోటు నీళ్లు కట్ట అంచు దాకా వచ్చాయి. అక్కడా ఇలాగే వచ్చి ఉంటాయి కదా. ఆ పెట్టె వంక చూడటం, నీళ్ల వంక చూడటం, అదే పని మాకు.

చివరికి వాసు మెయిలొచ్చింది. ఈసారి కనకదుర్గ పైకే చదివింది. "మూడు బోట్లు ఆపాను. గంగాభవాని నేను వెళ్లేసరికే బయల్దేరి వెళ్లిపోయింది. మొగ దాటిందో లేదో కట్ట మీద నుంచి కనపడలేదు. పాత బోల్టులున్న ఇంకో బోటుని దాని వెనక పంపించాం. ఆపిన ఓనర్లు చెన్నై మాట చూపించమన్నారు, ఆ ప్రింటు కోసం రేపల్లె వచ్చాను. మళ్లీ వెళ్తున్నాను. కబురు తెలియగానే వచ్చి రాస్తాను."

అప్పయ్య మెల్లగా అన్నాడు. "అక్కా, భాగ్యమ్మకి ఇప్పుడే చెప్పకు. ఏదో ఒకటి తేలనీ. కావాలంటే ఇంజను కాస్త మొరాయించిందట, తిరిగొస్తున్నారట అని చెబుదాం."

నేనూ అదే అన్నాను. మా పద్ధతి అది, నాకు అది తప్పని అప్పుడూ అనిపించలేదు. కనకదుర్గ లేచి రోడ్డు దాటి పాకలోకి వెళ్లింది. వెనకే నేను.

భాగ్యమ్మ తలెత్తి నవ్వబోయి ఆగిపోయింది.

"భాగ్యం, విను. మీ ఆయన బోటుకి వేసిన కొత్త బోల్టులు మంచివి కావు. నిన్న మన దగ్గర ఒక బోటుకి విరిగాయి. నాలుగు బోట్లు ఆపమని రాశాను. మూడు ఆగాయి. మీ ఆయన బోటు అప్పటికే వెళ్లిపోయింది. వెనక ఇంకో బోటు వెళ్లింది. ఇప్పటిదాకా ఏ కబురూ రాలేదు. నాకు తెలిసింది ఇంతే. ఇంతకు మించి నేనేదీ దాచలేదు."

భాగ్యమ్మ చేతిలో వల సూది అలాగే ఉండిపోయింది. "పోయాడా?" అంది.

"తెలియదు."

"పోయాడనే కదా నువ్వొచ్చావు!"

"పోతే పోయాడని చెప్పేదాన్ని. నాకు తెలియదు కాబట్టి తెలియదంటున్నా."

భాగ్యమ్మ లేచి కనకదుర్గ జుట్టు పట్టుకోబోయింది. "నీ బోల్టులేనే! మీ కంపెనీ బోల్టులే! నువ్వు కూర్చుని టక్కు టిక్కు కొట్టుకుంటుంటే మా ఇళ్లు కూలుతాయి!" కనకదుర్గ కదల్లేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. నేనే మధ్యలో దూరి, "తర్వాత కొట్టవే, నేనే పట్టుకుంటాను. ముందు ఆ పెట్టె దగ్గరికి పద" అన్నాను. ఆ తిట్లు తిడుతూనే వచ్చింది భాగ్యమ్మ. వచ్చి కంప్యూటరు పక్కన నేల మీద చతికిలబడింది. పాకలో ఆడాళ్లంతా గుమ్మం దగ్గర మూగారు.

"ఏం రాశాడు? మళ్లీ అడుగు" అంటుంది భాగ్యమ్మ.

"అతను హార్బరులో ఉన్నాడు భాగ్యం. తిరిగి రేపల్లె వస్తేనే రాస్తాడు."

"అయినా అడుగు!"

కనకదుర్గ అడిగేది. "ఏదైనా తెలిసిందా?" అని కొట్టి పంపేది. చూసేవాళ్లు లేరని తెలుసు, అయినా పంపేది. గుమ్మం దగ్గర ఎవరో గొణిగారు, ఇంత ముందే చెప్పి భాగ్యమ్మని ఏడిపించాలా అని. ఇంకెవరో కంప్యూటరు నేర్చాక గుండె రాయైపోయిందన్నారు. కనకదుర్గకి వినపడింది. వెనక్కి తిరగలేదు. ఆవిడ తిరక్కపోయినా నేను తిరిగాను. నేనేమన్నానో ఇక్కడ రాయడం బాగుండదు.

ఎండ గుమ్మంలోంచి జరిగి గోడ మీదికి పాకింది. రేవులో మైకు ఎప్పుడో ఆగిపోయింది. భాగ్యమ్మ తిట్లు ఆగిపోయాయి. ఏడుపు కూడా రాలేదు. తిట్టుకుంటూ ఉంటేనే బాగుందనిపించింది నాకు.

అప్పుడొచ్చింది మెయిలు. కనకదుర్గ ముందు తను చదువుకోలేదు, తెరుస్తూనే గట్టిగా చదివింది.

"గంగాభవాని దొరికింది. మొగ దాటిన కాసేపటికి బోల్టులు విరిగాయి. లంగరు వేసి ఆగారు. వెనక వెళ్లిన బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. ఇప్పుడు హార్బరులో ఉంది. మనుషులంతా ఒడ్డున ఉన్నారు. నేను లెక్క చూసుకున్నాను. దైవాధీనం ఎడమ చెయ్యి తాడు ఒరిపిడికి చెక్కుకుపోయింది, డాక్టరు కట్టు కట్టాడు. మిగతా ఎవరికీ దెబ్బల్లేవు."

గుమ్మం దగ్గర అమ్మలక్కలంతా ఒక్కసారి గంగమ్మ తల్లిని తలుచుకున్నారు. భాగ్యమ్మ మాత్రం అలాగే కూర్చుంది. కళ్లు చిట్లించి కనకదుర్గ మొహాన్నే చూస్తోంది.

"నిజమేనా?"

"నిజం భాగ్యం."

"చెయ్యి చెక్కుకుపోయిందంటున్నావు. అంతేనా? చెయ్యేనా? నువ్వు ఇలాగే చెబుతావని అందరికీ తెలుసు. మా అత్త పోయినప్పుడు కూడా జ్వరమన్నావు."

కనకదుర్గ మొహం పాలిపోయింది. మా అందరి మొహాలూ అలాగే ఉన్నాయేమో. మేం ఇన్నేళ్లుగా మెత్తగా చెప్పుకున్న మాటలన్నీ ఆ గదిలోకి వచ్చి కూర్చున్నట్టుంది. ఇప్పుడు మంచి కబురు చెప్పినా నమ్మేవాళ్లు లేరు.

"పొద్దున నీ దగ్గరికొచ్చి ఏం చెప్పాను?" అంది కనకదుర్గ.

"బోటు వెళ్లిపోయిందన్నావు. ఏ కబురూ లేదన్నావు."

"అందులో ఏమైనా దాచానా?"

భాగ్యమ్మ అంత భయంలోనూ న్యాయంగా ఆలోచించింది, అది చెప్పుకోవాలి. "లేదు" అంది.

"ఇదీ అలాంటిదే. చెయ్యి చెక్కుకుపోయింది. మనిషి బతికి ఉన్నాడు."

అప్పుడు వచ్చింది ఏడుపు. గోడకి తల ఆనించి భాగ్యమ్మ ఏడ్చిన ఏడుపుకి అప్పయ్య కూడా కళ్లు తుడుచుకుని నూనె మొహమంతా పులుముకున్నాడు. కోదండరామయ్య గారి కోపం సంగతి అడుగుతారేమో. ఆ కోపం కొన్నాళ్లు మెయిళ్లలో నడిచింది, ఈవిడ జవాబులూ నడిచాయి, అన్నీ రెండేసి ముక్కల్లోనే. నీలం పెట్టెలన్నీ వెనక్కి తెప్పించుకున్నాడు. ఉద్యోగం ఊడలేదు. శుభలేఖల్లాంటి ఆ పాత మెయిళ్లు మాత్రం మళ్లీ వినలేదు నేను. చెవికి కాస్త లోటే.

ఆ రోజు భాగ్యమ్మ ఏడుపు ఆపి, కొంగుతో ముక్కు తుడుచుకుని, ఆ పెట్టె వంక చూసి అంది.

"ఆ వాసు గారికి రాయక్కా. మా ఆయన్ని ఇవాళే బస్సెక్కించి ఇంటికి పంపమను. ఆ చేత్తో మళ్లీ బోటెక్కుతానంటాడు, ఎక్కనివ్వొద్దని రాయి. క్షేమమా, కులాసానా అని మొదలెట్టకు. ఇదే మొదట రాయి."

కనకదుర్గ సబ్జెక్టు గడిలో వేలు పెట్టింది.

"దైవాధీనాన్ని ఇవాళే బస్సెక్కించండి" అని కొట్టింది.